హైదరాబాద్ టు డల్లాస్: దూరం, టైమ్ గురించి మా కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు

అమీర్‌పేటలో పదిహేనేళ్లుగా టికెటింగ్ చేస్తున్నాను. వచ్చేవాళ్లలో సగం మంది పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలే, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: పొద్దున ఎక్కితే సాయంత్రానికి దిగుతాం, పన్నెండు గంటలేగా!

వాస్తవం: టికెట్ మీద ఉండేది ఏ ఊరికి ఆ ఊరి టైమ్. తెల్లవారుజామున 4కి శంషాబాద్‌లో ఎక్కి అదే రోజు సాయంత్రం 4కి డల్లాస్‌లో దిగారనుకోండి, ఎండాకాలంలో అక్కడి గడియారం మనకన్నా పదిన్నర గంటలు వెనక, అంటే ప్రయాణం మొత్తం 22 గంటల 30 నిమిషాలు. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అయితే ఇంకో గంట కలపాలి. ఒక ఆంటీ ఇలాగే "రాత్రికల్లా ఇంట్లో ఉంటా కదా నాయనా" అనుకుని షుగర్ మాత్రలు ఒక్క పూటవే హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని మిగతా స్ట్రిప్పులన్నీ చెక్-ఇన్ సూట్‌కేసులో వేసేశారు, దుబాయ్‌లో దిగాక గానీ ఆవిడకి విషయం తెలియలేదు. అప్పట్నుంచి ప్రతి ప్రింటవుట్ పైన మొత్తం గంటలు ఎర్ర పెన్నుతో రాసిస్తున్నా. మందులు రెండు రోజులకి సరిపడా చేతి సంచిలోనే ఉండాలి.

అపోహ: దుబాయ్ మీదుగా అంటే బోలెడంత చుట్టు తిరుగుడు.

గోడ మీద మ్యాప్ చూస్తే అలాగే అనిపిస్తుంది. నా టేబుల్ మీద గ్లోబు ఉంది, దారం ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డల్లాస్ మీద పెట్టి బిగించి లాగితే అది దాదాపు ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది, చూసినవాళ్లు నోరెళ్లబెడతారు. ఆ దారి సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా 15,450 దాకా. అంటే ఎక్కువయ్యేది గంట పైచిలుకు గాల్లో ప్రయాణమే, మీ టైమ్ తినేది ఎయిర్‌పోర్టులో కూర్చోవడం.

అపోహ: భూమి తిరుగుతుంది కాబట్టి పడమరకి త్వరగా పోతాం.

గాలి కూడా భూమితోపాటే తిరుగుతుందండీ. పైన జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కాబట్టి జరిగేది ఉల్టా, లండన్‌కి నాన్‌స్టాప్‌లో వెళ్లేటప్పుడు సుమారు పది గంటలు పడితే వచ్చేటప్పుడు ఓ గంట తగ్గుతుంది. దారి మూసినా టైమ్ మారుతుంది, 2019లో పాకిస్తాన్ గగనతలం ఫిబ్రవరి చివర్నుంచి జూలై దాకా మూసినప్పుడు ఢిల్లీ నుంచి యూరప్ ఫ్లైట్లు చుట్టూ తిరిగి వెళ్లాయి.

అపోహ: డైరెక్ట్ అంటే ఎక్కడా ఆగదు.

ఆగొచ్చు. ఫ్లైట్ నంబర్ ఒకటే ఉంటే చాలు డైరెక్ట్ అనేస్తారు, "నాన్‌స్టాపా?" అని అడగండి.

ఇంకోటి, చికాగోలో దిగి డల్లాస్ ఫ్లైట్ మారేలా ఉంటే ఇమిగ్రేషన్ చికాగోలోనే, మామూలుగా లగేజీ కూడా అక్కడే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. పెద్దవాళ్లకి గంటన్నర కనెక్షన్ నేనైతే బుక్ చేయను, నాలుగు వేలు ఎక్కువైనా మూడు గంటలది తీసుకోమంటాను.