బ్రోమైడ్ చేతిలో స్విచ్

1951 ప్రాంతంలో మాస్కోలో బోరిస్ బెలౌసోవ్ అనే శాస్త్రవేత్త సిట్రిక్ ఆమ్లం, అంటే మన వంటింటి నిమ్మ ఉప్పు, బ్రోమేట్, సల్ఫ్యూరిక్ ఆమ్లం, కాస్త సీరియం అనే లోహపు లవణం కలిపారు. ద్రావణం పసుపు రంగుకు వచ్చింది. రంగు పోయింది. మళ్లీ పసుపయింది. వ్యాసం పంపితే పత్రిక వెనక్కి పంపేసింది. రసాయన చర్య సమతాస్థితి వైపు నడవాలే గానీ లోలకంలా ఊగడమేమిటని అప్పటి నమ్మకం. ఆయన 1970లో పోయారు. లెనిన్ బహుమతి 1980లో వచ్చింది. ఈ ఆలస్యం తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

అసలు లోపల జరుగుతున్నదేమిటో 1972లో ఫీల్డ్, కోరోష్, నోయెస్ విప్పి చెప్పారు. సిట్రిక్ బదులు మలోనిక్ ఆమ్లం వాడే రకం మీద వాళ్లు పనిచేశారు. నీళ్ల ట్యాంకు లెక్క లాంటిదే వాళ్ల లెక్క కూడా: ప్రతి పదార్థం ఎంత వేగంగా తయారవుతోంది, ఎంత వేగంగా ఖర్చవుతోంది? ఒక్కో పదార్థానికి ఒక్కో సమీకరణం.

బ్రోమైడ్, బ్రోమస్ ఆమ్లం రెండూ ఈ చర్య మధ్యలో పుట్టి ఖర్చయ్యే బ్రోమిన్ పదార్థాలు. బ్రోమైడ్ ఎక్కువగా ఉన్నంతసేపూ బ్రోమస్ ఆమ్లాన్ని తలెత్తనివ్వదు. కానీ ఆ పనిలో తానూ ఖర్చయిపోతుంది. ఒక హద్దు కిందికి తగ్గగానే బ్రోమస్ ఆమ్లం విజృంభిస్తుంది. పాలలో వేసిన తోడు లాగా అది తనను తానే పెంచుకుంటుంది. ఆ ఊపులో సీరియం ఆక్సీకరణం చెంది పసుపు రంగు వస్తుంది. ఆ సీరియమే మలోనిక్ ఆమ్లం నుంచి పుట్టిన బ్రోమిన్ సమ్మేళనాలతో కలిసి బ్రోమైడ్‌ను మళ్లీ పుట్టిస్తుంది. స్విచ్ కట్టేసినట్టు బ్రోమస్ ఆమ్లం అణగిపోతుంది, రంగు పోతుంది, కథ మొదటికొస్తుంది. ఊగేది ఈ మధ్యలో వచ్చిపోయే పదార్థాలే. ముడి సరుకు మాత్రం తరుగుతూనే ఉంటుంది, కాబట్టి చర్య మొత్తంగా సమతాస్థితి వైపే నడవాలనే ఉష్ణగతిక నియమానికి భంగమేమీ లేదు.

1974లో ఫీల్డ్, నోయెస్ ఇదంతా అయిదు చర్యలకు, మూడు చలరాశులకు కుదించారు. వాళ్లు పనిచేసిన ఒరెగాన్ పేరు మీదే దాన్ని ‘ఒరెగోనేటర్’ అంటారు. ఏది వదిలేయాలో తెలియడమే ఇందులో గొప్పతనమని నా అభిప్రాయం. అన్నిచోట్లా ఇంత కుదించడం కుదరదు. సహజవాయువు మండడాన్ని లెక్కగట్టే జీఆర్ఐ-మెక్ 3.0 నమూనాలో 53 పదార్థాలు, 325 చర్యలు ఉన్నాయి. కొన్ని కన్నుమూసి తెరిచేలోపే ముగిసిపోతాయి, కొన్ని నిదానంగా సాగుతాయి. అన్నిటినీ ఒకే నిడివి కాలపు అడుగుతో కొలవబోతే మామూలు పద్ధతులు చతికిలబడతాయి. అందుకే వీటికి ప్రత్యేకమైన గణన పద్ధతులు కావాల్సి వచ్చాయి.

ఒరెగోనేటర్‌కూ ఒక పరిమితి ఉంది. అందులో ముడి సరుకు తరగదని అనుకుంటారు. కాబట్టి కాగితం మీద రంగు ఎప్పటికీ మారుతూనే ఉంటుంది. బీకరులో మాత్రం కొంతసేపటికి ఆగిపోతుంది.