నాలుగు అంకెలు చదవడానికి ఎక్సెల్ మొత్తాన్ని ఎందుకు లేపాలి?

విజువల్ బేసిక్, డెల్ఫీ లాంటి పాత ప్రోగ్రామింగ్ భాషల్లో రాసిన అప్లికేషన్ ఎక్సెల్‌ని నడిపించి రిపోర్టు తీసేసి మూసుకుంటుంది, స్క్రీన్ మీద ఏమీ ఉండదు, కానీ టాస్క్ మేనేజర్ తెరిస్తే ఎక్సెల్ కాపీలు వరుసగా కూర్చుని మెమరీ తింటూ ఉంటాయి. ఎవరినడిగినా "ఆబ్జెక్టులన్నీ రిలీజ్ చెయ్" అంటారు, అంటే ఎక్సెల్‌లో మన కోడ్ పట్టుకున్నవన్నీ వదిలెయ్యమని. అది సరైన సలహానే. అసలు షీటులోని నాలుగు అంకెల కోసం ఎక్సెల్‌ని నడపాల్సిన అవసరం ఎక్కడ మొదలైందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఎక్సెల్ 1985లో మాక్ మీద, 1987లో విండోస్ మీద వచ్చింది. దాని ఫైలు బిఫ్ అనే బైనరీ ఫార్మాట్‌లో ఉండేది, బయటివాళ్లకి అది తెరిస్తే అర్థమయ్యే సరుకు కాదు. ఇతర ప్రోగ్రాములు మాట్లాడుకోవడానికి మొదట డీడీఈ అనే పద్ధతి ఉండేది, తర్వాత 1993లో ఎక్సెల్ 5తో దాని లోపలే కోడ్ రాసుకునే వీబీఏ, దాంతోపాటే బయటి ప్రోగ్రామ్ ఎక్సెల్‌ని నడిపించే ఓఎల్ఈ ఆటోమేషన్ వచ్చి వర్క్‌బుక్, షీటు, రేంజ్ అన్నిటినీ బయటి కోడ్‌కి ఆబ్జెక్టులుగా చూపించాయి. ప్రోగ్రామర్లు పండగ చేసుకున్నారు. ఫార్మాట్ తెలియకపోయినా ఫర్వాలేదు, తెలిసిన ప్రోగ్రామే పక్కన నడుస్తోంది కదా!

చిక్కంతా ఆ "పక్కన" దగ్గరే ఉంది. ఎక్సెల్ వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది, దాని ఆబ్జెక్టుల మీద మన కోడ్ పెట్టుకున్న పట్టు, అంటే రిఫరెన్సు, ఒక్కటి మిగిలినా అది వెళ్లిపోదు. మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్ వచ్చాక ఇంకాస్త ముదిరింది, ఎందుకంటే ఒకే లైన్లో వర్క్‌బుక్ నుంచి షీటుకీ షీటు నుంచి సెల్‌కీ వెళితే మధ్యలో పుట్టిన రిఫరెన్సులకి పేరే ఉండదు, వాడని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ తీరిగ్గా వచ్చేదాకా అవి అలాగే ఉంటాయి. సర్వర్లో ఇలా నడపొద్దని మైక్రోసాఫ్టే చెబుతుంది, అయినా నడిపేవాళ్లకి కొదవ లేదు.

ఎక్సెల్ లేకుండా చదువుదామనుకున్నవాళ్లు మైక్రోసాఫ్ట్ వాళ్లదే అయిన జెట్ డ్రైవర్ పట్టుకున్నారు. షీటుని డేటాబేస్ టేబుల్‌లా చూపించే ఈ డ్రైవర్ మామూలుగా మొదటి 8 వరుసలు చూసి కాలమ్ రకం ఊహించేస్తుంది. పైన అంకెలుండి కింద అక్షరాలు కలిసిన కోడ్‌లుంటే, ఆ కింద ఉన్నవి ఎర్రర్ కూడా లేకుండా ఖాళీగా వచ్చేవి. నా దృష్టిలో ఎక్సెల్ మెమరీలో మిగిలిపోవడం కన్నా ఇదే ప్రమాదం, మిగిలిపోతే కనీసం టాస్క్ మేనేజర్లో కనిపిస్తుంది.

చదివే అంకె తేదీ అయితే ఇంకో చిక్కు, ఎక్సెల్ తేదీని రోజుల లెక్కగా దాస్తుంది. ఆ కథ ఇంకా పాతది. లోటస్ 1-2-3 అనే పాత స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రామ్ 1900ని లీపు సంవత్సరంగా లెక్కేసింది, దాని ఫైళ్లతో కుదరాలని ఎక్సెల్ కూడా లేని ఫిబ్రవరి 29ని అలాగే ఉంచేసుకుంది. ఓఎల్ఈ, డెల్ఫీ తేదీలు 1899 డిసెంబర్ 30ని సున్నాగా పెట్టుకోవడంతో 1900 మార్చి 1 నుంచి లెక్క కలుస్తుంది, అంతకు ముందు తేదీలకి ఒక రోజు తేడా. పాత మాక్ ఫైళ్లయితే 1904 నుంచి లెక్కపెడతాయి, అక్కడ తేడా ఏకంగా 1,462 రోజులు.

ఈలోగా కొందరు బైనరీని తవ్వి చదవడం మొదలుపెట్టారు. ఆఫీస్ ఫైళ్లు చదివే జావా లైబ్రరీ అపాచీ పీఓఐలో ఎక్సెల్ భాగానికి హెచ్ఎస్ఎస్ఎఫ్ అని పేరు, అందులో మొదటి అక్షరం "హారిబుల్" (ఘోరం) అనే మాటకి, ఆ పని చేసినవాళ్ల కోపం అందులోనే ఉంది. ఎక్సెల్ 2007తో ఫైలు జిప్‌లో చుట్టిన ఎక్స్‌ఎంఎల్, అంటే ఎవరైనా చదవగలిగే టెక్స్ట్, అయింది, వరుసల పరిమితి 65,536 నుంచి 10,48,576కి పెరిగింది, 2008లో మైక్రోసాఫ్ట్ పాత బైనరీ వివరాలు కూడా బయటపెట్టింది. పాత ఫార్మాట్ మాత్రం వాడుకలోంచి పోలేదు: 2020లో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి రాకపోవడానికి ఆ పాత 65,536 వరుసల పరిమితే కారణం.

ఇప్పుడు పైథాన్‌లో వాడే ఓపెన్‌పైఎక్సెల్ లాంటి లైబ్రరీతో ఎక్సెల్ లేకుండానే చదవొచ్చు, రాయొచ్చు. కాకపోతే అది ఫార్ములాని రాస్తుందే గానీ లెక్క కట్టదు, కొత్తగా రాసిన ఫైల్లో జవాబు ఉండదు. ఆ జవాబు వెంటనే కావాల్సిన చోట ఇప్పటికీ చాలామంది ఎక్సెల్‌నే లేపుతున్నారు.