కలవవని ఎలా తేల్చాలి?

పిల్లలూ,

సమాంతర రేఖలంటే ఏమిటని అడిగితే "ఎంత పొడిగించినా కలవనివి" అని ఠక్కున చెప్పేస్తారు. సరే, ఎంత దూరం పొడిగించి చూశారు? నోట్‌బుక్ అంచు దాకానేగా! పైగా "ఒకే తలంలో ఉన్నవి" అనే మాట చాలామంది మింగేస్తారు. గదిలో ఒక గోడ నేలను తాకే అంచునూ, పక్క గోడ పైకప్పును తాకే అంచునూ చూడండి. ఎంత పొడిగించినా అవి కలవవు, అయినా సమాంతరాలు కావు.

చివరిదాకా వెళ్లి చూసొచ్చే వీల్లేదు కాబట్టే అడ్డంగా ఒక తిర్యగ్రేఖ, అంటే రెండు రేఖలనూ ఖండించే గీత, గీస్తాం. సదృశ కోణాలు, అంటే రెండు ఖండన బిందువుల దగ్గరా ఒకే స్థానంలో ఉండే కోణాలు, సమానమైతే ఆ రెండు రేఖలూ సమాంతరాలే. విషయం ఉన్నచోటే తేలిపోయింది. దీన్ని తిరగేసి "సమాంతరాలైతే ఆ కోణాలు సమానం" అనాలంటే మాత్రం ప్రాచీన గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ చెప్పిన 5వ స్వీకృతం కావాలి. స్వీకృతమంటే రుజువు లేకుండా ఒప్పుకునే మాట. తిర్యగ్రేఖకు ఒకవైపున్న అంతర కోణాల మొత్తం రెండు లంబకోణాల కన్నా తక్కువైతే, రెండు రేఖలూ ఆ వైపు కలుస్తాయని ఈ 5వది చెబుతుంది. దాన్ని మిగతా స్వీకృతాల నుంచి రాబట్టాలని రెండు వేల ఏళ్లు తంటాలు పడ్డారు. చివరికి రష్యా గణితజ్ఞుడు లొబచెవ్‌స్కీ 1829లో, హంగేరీ గణితజ్ఞుడు బొయాయ్ 1832లో ఆ స్వీకృతం లేని జ్యామితిని ప్రచురించారు. గ్లోబు మీదైతే కథ ఇంకోలా ఉంటుంది. రేఖాంశాలన్నీ భూమధ్యరేఖకు లంబాలే, అయినా ధ్రువాల దగ్గర కలుస్తాయి! మన పాఠం చదునైన తలం వరకే.

ఇక లంబ రేఖలు. వాలు అంటే గీత పైకి ఎక్కిన దూరాన్ని కుడికి జరిగిన దూరంతో భాగిస్తే వచ్చేది. "వాలుల లబ్ధం -1" అని నేనూ బట్టీ పట్టినవాణ్నే. పరీక్షలో టెన్షన్‌లో భిన్నాన్ని తిరగేసి, రుణ గుర్తు మరిచిపోయి మార్కులు పోగొట్టుకున్నాను. ఆ -1 ఎక్కడిదో అప్పుడు నాకెవరూ చూపించలేదు.

గ్రాఫ్ కాగితం తీసుకోండి. మూలబిందువు నుంచి 3 గళ్లు కుడికి, 2 గళ్లు పైకి వెళ్లి గీత గీయండి. వాలు 2/3. ఇప్పుడు కాగితాన్ని ఎడమవైపుకి పావు చుట్టు తిప్పండి. కుడికి వెళ్లిన 3 ఇప్పుడు పైకి లేచింది, పైకి వెళ్లిన 2 ఎడమకి ఒరిగింది. కొత్త వాలు -3/2. భిన్నం తిరగబడటం, గుర్తు మారటం రెండూ ఆ ఒక్క తిప్పుతోనే వచ్చాయి. రెండు వాలులూ ధనాత్మకమైతే రెండు గీతలూ కుడివైపుకి ఎక్కేవే, ఇక వాటి మధ్య లంబకోణం ఎక్కడిది? ఆ రోజు నేను బొమ్మ గీసి ఉంటే సరిపోయేది.

నిలువు గీతకు వాలు నిర్వచించలేం. అందుకే ఎక్స్, వై అక్షాలు లంబాలే అయినా ఈ సూత్రం అక్కడ పనిచేయదు. ఇంకో మాట, వాలులు సమానం కాగానే సమాంతరాలని రాసేయకండి. రెండు సమీకరణాలదీ ఒకే గీత కావచ్చు.

(0, 0), (3, 2), (1, 5), (-2, 3) బిందువులను వరుసగా కలపండి. వచ్చేది దీర్ఘచతురస్రమా, చతురస్రమా? స్కేలు ముట్టుకోకుండా వాలులతోనే తేల్చండి. కర్ణాల వాలులూ చూడాల్సి వస్తుంది.

మీ లెక్కల తాతయ్య