పక్కన నిలబడ్డ కొడుకును ఎవరు అడుగుతారు?

హంటింగ్టన్ అంటే మెదడు కణాలను మెల్లమెల్లగా దెబ్బతీసే, తరాల వెంట వచ్చే జబ్బు. ఆ జబ్బున్న తండ్రిని వెంటబెట్టుకుని అనంతపురం వైపు నుంచో, మదనపల్లె నుంచో బెంగళూరులోని మెదడు, మనసు జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌కు వచ్చే కొడుకును ఊహించుకోండి. చేతులు ఎప్పటినుంచి ఆడుతున్నాయి, కోపం పెరిగిందా, నిద్ర పడుతోందా... ప్రశ్నలన్నీ తండ్రి గురించే. ఫైలు పట్టుకుని పక్కన నిలబడ్డ అతనికీ ఆ జబ్బు వచ్చే అవకాశం 50 శాతం.

నాలుగో క్రోమోజోము మీదున్న ఒక జన్యువులో సి-ఎ-జి అనే మూడక్షరాల ముక్క వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. 26 సార్ల వరకు మామూలే. 40 గానీ అంతకు మించి గానీ ఉంటే జబ్బు దాదాపు ఖాయం. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే చాలు, ప్రతి బిడ్డకూ సగం ముప్పు. అన్నకు వచ్చింది కాబట్టి తమ్ముడు తప్పించుకున్నాడనే లెక్క ఇక్కడ చెల్లదు. లక్షణాలు ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య మొదలవుతాయి. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, ఇంటి లోను అన్నీ నడిచే వయసది.

ఈలోగా మనిషి తనను తానే కాపలా కాస్తుంటాడు. కాఫీ గ్లాసు జారితే, "అమ్మా, నాన్నకు కూడా ఇట్లాగే మొదలైందా?" అని అడుగుతాడు. మీటింగులో ఒక పేరు గుర్తురాకపోతే ఆ రాత్రంతా నిద్ర ఉండదు. నిద్ర లేకపోతే మర్నాడు మరపు, చిరాకు, చేతుల వణుకు. హంటింగ్టన్ కూడా తొలిరోజుల్లో మరపుగా, చిరాకుగానే కనిపించవచ్చు. టెన్షన్ తెచ్చిన లక్షణాలనే జబ్బుకు రుజువుగా తీసుకుని అతను ఇంకా కుంగిపోతాడు. నా దృష్టిలో ఈ భయానికే వైద్యం కావాలి, జబ్బు వచ్చేదాకా ఆగకుండా.

జన్యువు 1993లో దొరికింది. అప్పటినుంచి రక్తపరీక్షతో తేల్చుకోవచ్చు. అయినా చాలా దేశాల్లో ముప్పున్నవాళ్లలో ఎక్కువమంది చేయించుకోలేదు. జబ్బును ఆపే మందు లేనప్పుడు తెలుసుకుని ఏం చేయాలన్నది వాళ్ల ప్రశ్న, అది పిరికితనం కాదు. ఆ జన్యువు వేటను నడిపించిన నాన్సీ వెక్స్‌లర్ తల్లి ఈ జబ్బుతోనే చనిపోయారు. తనకూ జబ్బు ఉందని వెక్స్‌లర్ బయటికి చెప్పింది 2020లో.

జబ్బు లేదని తేలినా అందరూ తేలికపడరు. "తమ్ముడికి వచ్చి నాకెందుకు రాలేదు" అనే బాధ కొందరిని ఏళ్లపాటు వదలదు.

మన ఇళ్లలో దీనికి 'నరాల వీక్‌నెస్' అని పేరు పెట్టి, సంబంధాలు చెడతాయని దాచేస్తారు. పెళ్లి చేసుకోబోయే మనిషికి ఇంటి చరిత్ర చెప్పాల్సిందే. కానీ రిపోర్టు చూపించమని పట్టుబట్టే హక్కు అత్తమామలకు లేదు, కన్నవాళ్లకూ లేదు. పిల్లలకు లక్షణాలేవీ లేనప్పుడు, 18 ఏళ్లలోపు ఈ పరీక్ష చేయించకూడదన్నది అంతర్జాతీయంగా పాటించే పద్ధతి.

తండ్రిని చూపించడానికి వచ్చిన రోజే జన్యు కౌన్సెలింగ్ గురించి, అంటే పరీక్ష చేయించుకోవాలా వద్దా అని నిపుణులతో మాట్లాడుకోవడం గురించి, అడగండి. వెళ్లినంత మాత్రాన రక్తం ఇచ్చి తీరాలని లేదు. ఇచ్చాక కూడా, ఫలితం నాకు చెప్పొద్దని అనవచ్చు.