సున్నం పడిన కంటికి ఆకుమడి

చీపురుపల్లి దగ్గరి ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడు ఈమధ్య ఒక ప్రశ్న పంపారు. వారి బడిలో చదివే పిల్లవాడొకడు, ఖైనీలో కలుపుకునే సున్నం ప్యాకెట్‌ను నలుపుతూ ఆడుకుంటుంటే అది పగిలి సున్నం కంట్లోకి చిమ్మింది. కొన్ని నెలలకు నల్లగుడ్డు తెల్లబారి, దాని మీదికి ఎర్రని నరాలు అల్లుకుపోయాయి. నేత్రదానంలో వచ్చిన కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) అమర్చితే చూపు వస్తుందన్న ఆశతో పెద్దాసుపత్రికి తీసుకువెళితే, ఇప్పుడు కార్నియా వేసినా నిలవదనీ, ముందు కంటి అంచును బాగుచేయాలనీ వైద్యులు చెప్పారట. ఎవరో దానం చేసిన మంచి కార్నియా ఎందుకు నిలవదు, ఈ అంచు సంగతేమిటి అన్నది ఆయన సందేహం. బడిలో మనం గీయించే కంటి బొమ్మలో కార్నియాను ఒక వంపు గీతగా గీసి పేరు రాయించి వదిలేస్తాం. ఆ గీత తెల్లగుడ్డును తాకే చోటికి పేరే పెట్టం. అసలు కథంతా అక్కడే ఉన్నది.

కార్నియా అరమిల్లీమీటరు మందమున్న, రక్తనాళాలు లేని పారదర్శకమైన పొర అన్నది చాలామందికి తెలిసిందే కనుక దాని నిర్మాణం జోలికి పోను. మనకు కావలసింది దాని పైకప్పు, అంటే ఎపిథీలియం. ఐదు నుంచి ఏడు వరుసల కణాలతో ఉండే ఈ పైకప్పు సుమారు వారం పది రోజులలో పూర్తిగా కొత్తదవుతుంది. పై వరుస కణాలు ఎప్పటికప్పుడు రాలిపోయి కన్నీటిలో కొట్టుకుపోతాయి, వాటి చోటికి కింది కణాలు వస్తాయి. అలా రోజూ తరిగిపోయే పొరకు జీవితాంతం కొత్త కణాలను అందించే మూలం ఒకటి ఉండి తీరాలి.

ఆ మూలాన్ని మన జిల్లాల రైతుకు చెప్పడం చాలా తేలిక. శ్రీకాకుళం సన్నాలు వేసినా, స్వర్ణ వేసినా ఉభాలకు, అంటే నాట్లకు, ముందు పొలంలో ఒక మూల ఆకుమడి పోస్తారు. పొలమంతటికీ నారు అక్కడి నుంచే రావాలి. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసేచోట ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పున చుట్టూ వలయంలా ఉండే అంచే కార్నియాకు ఆకుమడి. దాని పేరు లింబస్. వైద్యుడు స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టి పై రెప్పను ఎత్తి చూస్తే, ఆ అంచులో సన్నని తెల్లని గీతలు గట్లు వేసినట్లు వరుసగా కనిపిస్తాయి. ఆ గట్ల నడుమ, రక్తనాళాల పోషణ అందుతూ, ఎండ సోకకుండా రంగు కణాల చాటున మూలకణాలు, అంటే కొత్త కణాలను పుట్టించే కణాలు, దాగి ఉంటాయి. అయితే పొలంలో ఉభాలు ఏడాదికి ఒకటి రెండుసార్లు, కంటిలో మాత్రం క్షణం ఆగకుండా జరుగుతాయి. అంచులో పుట్టిన కణాలు చుట్టూ అన్ని వైపుల నుంచీ మధ్యకు జరుగుతూ వస్తాయి.

ఈ లెక్కను 1983లో థాఫ్ట్, ఫ్రెండ్ అనే శాస్త్రవేత్తలు చిన్న సమీకరణంగా రాశారు: అడుగు వరుసలో విభజన వల్ల పుట్టే కణాలు ఎక్స్, అంచు నుంచి మధ్యకు జరిగి వచ్చేవి వై, పైనుంచి రాలిపోయేవి జెడ్ అనుకుంటే, ఎక్స్, వైల మొత్తం జెడ్‌తో సమానంగా ఉండాలి. మరి మూలకణాలు అంచులోనే ఉన్నాయని రుజువేమిటి? పరిణతి చెందిన కార్నియా కణాలన్నింటిలో కే3 అనే కెరటిన్ ప్రోటీన్ ఉంటుంది. 1986లో సన్ అనే శాస్త్రవేత్త బృందం కుందేలు కళ్ళను పరిశీలించినప్పుడు లింబస్ అడుగు వరుస కణాలలో మాత్రమే అది కనిపించలేదు, అంటే అవి ఇంకా లేత కణాలు. 1989లో అదే బృందం ఎలుకలకు ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ చేర్చిన థైమిడిన్ అనే డీఎన్ఏ ముడిసరుకును ఇచ్చి, దానిని కణాలు తమ డీఎన్ఏలో కలుపుకునేలా చేసింది. తరచుగా విభజన చెందే కణాలలో ఆ గుర్తు తరానికి సగం చొప్పున పలుచబడి మాయమవుతుంది, అరుదుగా విభజన చెందే కణాలలో చాలాకాలం నిలుస్తుంది. వారాలు గడిచాక చూస్తే ఆ గుర్తు నిలిచిన కణాలు లింబస్ అడుగునే కనిపించాయి. ఇంత సరళమైన ఆలోచనతో ఇంత పెద్ద ప్రశ్నను తేల్చిన ప్రయోగాలు జీవశాస్త్రంలో అరుదని నా అభిప్రాయం.

ఇక సున్నం సంగతి. తడిసిన సున్నం కాల్షియం హైడ్రాక్సైడ్ అనే క్షారం, దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఆమ్లం పడితే పై ప్రోటీన్లు గడ్డకట్టి లోపలికి కొంత అడ్డుగా నిలుస్తాయి. క్షారం అలా ఆగదు, కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చి కరిగించుకుంటూ లోతుకు దిగుతుంది. పైగా సున్నం పలుకులు పై రెప్ప మడతలో ఇరుక్కుని, సరిగ్గా లింబస్‌ను ఆనుకుని, గంటల తరబడి కరుగుతూనే ఉంటాయి. సంక్రాంతికి గోడలకు వెల్ల వేసేటప్పుడు పెద్దల కళ్ళలోనూ ఇదే జరుగుతుంది. ఆ క్షణంలో చేయవలసిన పని ఒక్కటే: దొరికిన శుభ్రమైన నీటితో, రెప్పలు తెరిచి పట్టుకుని, కనీసం అరగంట ఆపకుండా కడిగి, ఆ తర్వాత ఆసుపత్రికి పరుగెత్తాలి. రెప్పను తిప్పి పలుకులను తీసే పని అక్కడ చేస్తారు. మన ఊళ్ళలో ఇప్పటికీ తల్లిపాలు పిండడం, ఆముదం వేయడం, నాలుకతో నలుసు తీయడం చూస్తూనే ఉన్నాం. క్షారానికి విరుగుడని నిమ్మరసం పిండేవారూ ఉన్నారు. వీటిలో ఏదీ సున్నాన్ని తీసివేయదు, ఆ కాస్త సమయంలోనే ఆకుమడి కాలిపోతుంది.

ఆకుమడి కాలిపోయాక మధ్య పొలానికి నారు అందదు. ఖాళీ పడిన నేల మీదికి కలుపు వచ్చినట్లు, తెల్లగుడ్డును కప్పి ఉండే పొర తన రక్తనాళాలతో సహా నల్లగుడ్డు మీదికి పాకుతుంది. పిల్లవాడి కంట్లో కనిపించిన ఎర్రని నరాలు అవే. ఇప్పుడు దాత కార్నియాను అమర్చారనుకుందాం. సాధారణంగా అమర్చేది దాత కార్నియా మధ్యభాగపు గుండ్రని ముక్క, అందులో లింబస్ ఉండదు. అంటే నాటిన పైరు తెచ్చిపెట్టారు గాని ఆకుమడి తేలేదు. దాని మీద ఉన్న దాత కణాలు కొద్దికాలానికి రాలిపోతాయి, వాటి చోటికి వచ్చేది మళ్ళీ ఆ కలుపే. తొలి విజయవంతమైన కార్నియా మార్పిడి 1905 డిసెంబరు 7న, ఇప్పటి చెక్ దేశంలోని ఒలోమౌట్స్‌లో, ఎడ్వర్డ్ జిర్మ్ చేశారు. ఆ రోగి కూడా సున్నం వల్ల రెండు కళ్ళూ పోగొట్టుకున్న కూలీయే. రెండు కళ్ళకూ కార్నియా అమర్చితే ఒకటే నిలిచింది. ఆ కంటి అంచులో కొంతైనా నారు మిగిలి ఉండాలని నేననుకుంటాను.

కనుక ముందు ఆకుమడి వేయాలి. ఒక కన్ను బాగుంటే దాని నుంచే నారు తీయవచ్చు. 1989లో కెన్యన్, సెంగ్ అనే వైద్యులు మంచి కంటి లింబస్ నుంచి పెద్ద ముక్కలే తీసి పాడైన కంటికి కుట్టారు, కానీ అంత తీస్తే మంచి కన్నుకే ముప్పు. 1997లో ఇటలీలో పెల్లెగ్రిని బృందం చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో కణాలను పొరగా పెంచి ఇద్దరు రోగులకు అమర్చింది. అదే మార్గంలో 112 మందికి చేసిన చికిత్స ఫలితాలు 2010లో వచ్చాయి. అందులో నన్ను కట్టిపడేసిన సంగతి నారు నాణ్యత. పెంచిన కణాలలో పీ63 అనే ప్రోటీన్ దండిగా ఉన్న అసలైన మూలకణాలు 3 శాతం దాటితే 78 శాతం మందిలో చికిత్స ఫలించింది. అవి 3 శాతం, అంతకన్నా తక్కువైతే 11 శాతం మందిలోనే ఫలించింది. పచ్చగా కనిపించిందంతా నారు కాదన్నమాట.

ప్రయోగశాల ఖర్చు మనవంటి చోట్ల భరించలేనిది. 2012లో హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో వీరేందర్ సంగ్వాన్ బృందం ప్రయోగశాల అవసరమే లేని పద్ధతిని ప్రకటించింది. మంచి కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, దానిని ఎనిమిది పది తునకలు చేస్తారు. పాడైన కంటిపై పాకిన పొరను ఒలిచివేసి, కాన్పులో వచ్చే మాయ నుంచి తీసిన పలుచని పొరను దాని మీద పరచి, ఆ తునకలను మధ్యలో కొంత జాగా వదిలి దూరదూరంగా ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టడంలో ఏర్పడే ప్రోటీన్) జిగురుతో అంటిస్తారు. ఇవి అచ్చంగా ఉభాలే. ఒక్కొక్క తునక పిలకలు వేసినట్లు చుట్టూ కణాలను పరుస్తుంది, సుమారు రెండు వారాలలో నేల కప్పుకుంటుంది. ఒకే శస్త్రచికిత్సతో పని అయిపోతుంది. ఈ విధంగా చికిత్స చేసిన 125 కళ్ళ ఫలితాలను 2016లో ప్రచురించారు, 76 శాతం కళ్ళలో పొర నిలిచింది. కార్నియా లోపలి పొర కూడా మచ్చపడి ఉంటే, పైకప్పు కుదుటపడ్డాక దాత కార్నియాను అమర్చుతారు. నేత్రదానం అవసరం అప్పుడు వస్తుంది.

రెండు కళ్ళలోనూ సున్నం పడితే సొంత నారు మిగలదు. రక్తసంబంధీకుల నుంచి తీసుకోవచ్చు గాని, శరీరం దాన్ని తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు దీర్ఘకాలం వాడాలి. జపాన్‌లోని ఒసాకాలో కోజి నిషిదా బృందం రోగి నోటి లోపలి పొర కణాలను పెంచి కంటికి అమర్చే దారిని 2004లో చూపింది. 2016లో అదే బృందం, మామూలు శరీర కణాలను మూలకణాలుగా తిరిగి మార్చగా వచ్చిన ఐపీఎస్ కణాలు గిన్నెలో వాటంతట అవే నాలుగు వలయాలుగా అమరుతాయనీ, మూడవ వలయంలో కార్నియా పైకప్పు కణాలు పుడతాయనీ చూపింది. ఆరోగ్యవంతుల రక్తకణాల నుంచి అలా పెంచిన పొరను 2019 నుంచి నలుగురు రోగులకు ఒక్కొక్క కంటికి అమర్చారు. రెండేళ్ళు గమనించినా కణితులు గాని, తిరస్కరణ గాని కనిపించలేదని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించారు. ఈ పద్ధతి ఇంకా పరిశోధన దశలోనే ఉన్నది కనుక, రెండు కళ్ళూ సున్నానికి పోయినవారికి ప్రస్తుతానికి ప్రధానంగా రక్తసంబంధీకుల నారో, నోటి పొరో దిక్కు.