దేవదూతలకు రెక్కలు ఎప్పుడొచ్చాయి?

గద్వాల

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీస్సులు.

సెలవుల్లో మీరు ఫోన్లలో, కంప్యూటర్లో ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. ఎన్ని రకాల దేవదూతలో! “వీళ్లు నిజంగా ఇట్లనే ఉంటరా తాతా?” అని మీలో ఒకరు అడిగారు. ఎలా ఉంటారో నాకెలా తెలుస్తుంది? కానీ బడిలో డ్రాయింగ్ నేర్పి బతికినవాణ్ణి. మనుషులు వాళ్లను ఎలా గీస్తూ వచ్చారో మాత్రం చెప్పగలను.

బైబిల్లో చాలాచోట్ల దేవదూతల రెక్కల ఊసే లేదు. అబ్రాహాము గుడారం దగ్గరికి వచ్చినవాళ్లు మామూలు మనుషుల్లాగే వచ్చారు. ఆయన కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చి, అన్నం పెట్టాడు. యాకోబు కలలో దూతలు నిచ్చెన మీద ఎక్కుతూ దిగుతూ ఉంటారు. రెక్కలున్నవాళ్లు వేరే. యెషయా ప్రవక్త చూసిన సెరాపులనే పరలోక జీవులకు ఆరేసి రెక్కలు. యెహెజ్కేలు ప్రవక్త చూసిన జీవులకు నాలుగేసి రెక్కలు, నాలుగేసి ముఖాలు: మనిషిది, సింహానిది, ఎద్దుది, గద్దది. ఆ జీవుల పక్కనే చక్రంలో చక్రం, వాటి అంచుల నిండా కళ్లు. “అసలు దేవదూత ఇదే” అంటూ మీ ఫోన్లలో తిరిగే కళ్ల చక్రం అక్కడిదే. ఆ చక్రాలను కూడా దేవదూతల్లో ఒక వర్గంగా లెక్కపెట్టడం తర్వాతి కాలపు సంగతి. ఒక ప్రవక్తకు కలిగిన దర్శనాన్ని పట్టుకుని దూతలందరూ ఇంతే అనకండి.

రోమ్ నగరం కింద ప్రిసిల్లా సమాధి గుహల్లో పాత బొమ్మ ఒకటుంది. 3వ శతాబ్దానిదని చెబుతారు. మరియమ్మకు గబ్రియేలు దూత కబురు చెబుతున్న దృశ్యమని చాలామంది పండితులు గుర్తించారు. అందులో గబ్రియేలుకు రెక్కల్లేవు. 4వ శతాబ్దం చివరికి వచ్చేసరికి క్రైస్తవ శిల్పాల్లో రెక్కలు కనిపిస్తాయి. గ్రీకులకు, రోమన్లకు అప్పటికే రెక్కలున్న విజయదేవత ఉంది. ఆమె రూపం చిత్రకారులకు బాగా అక్కరకొచ్చింది. రెక్కలు పెట్టకపోతే, వచ్చినవాడు చుట్టమో దూతో చూసేవాళ్లకు తెలిసేదెట్లా?

తెల్ల రెక్కలే ఉండాలన్న నియమం కూడా లేదు. ఫ్లోరెన్స్‌లోని సాన్ మార్కో మఠం గోడ మీద ఫ్రా ఆంజెలికో అనే చిత్రకారుడు గీసిన గబ్రియేలు రెక్కలు రంగురంగుల చారలతో ఉంటాయి. పర్షియా చిత్రకారులు జిబ్రయీల్‌కు (ముస్లింలు గబ్రియేలును పిలిచే పేరు) కూడా అలాగే రంగుల రెక్కలు, తల మీద కిరీటం పెట్టారు. ఇక గ్రీటింగ్ కార్డుల మీది బొద్దు పాపలు గ్రీకుల మన్మథుడి సంతతి. చిత్రకారుడు రఫాయేలు 1512 ప్రాంతంలో గీసిన ఒక మేరీమాత చిత్రంలో కింద మోచేతులానించి పైకి చూసే ఇద్దరు పాపలు ప్రపంచమంతా తిరిగారు. ముద్దుగా ఉంటారు, నిజమే. ఇలాంటి పాపలను ఇంగ్లీషులో కెరూబులంటారు. కానీ బైబిల్లో కెరూబులు ఏదెను తోట దారికి కాపలా. వాళ్లతోపాటు అక్కడ తిరిగే ఖడ్గజ్వాల ఉంటుంది.

ఇప్పుడు మన ఊరి పక్కకు రండి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలంలో, 7వ, 8వ శతాబ్దాల్లో కట్టినవి. గోడల మీద గంధర్వుల జంటలు ఎగురుతూ కనిపిస్తాయి. గంధర్వులు, దేవదూతలు ఒకటని నేననడం లేదు, ఎవరి నమ్మకం వాళ్లది. కానీ శిల్పికి వచ్చిన చిక్కు ఒకటే. బరువు లేని మనిషిని బరువైన రాతిలో ఎలా చూపాలి? మన శిల్పి రెక్కల జోలికే పోలేదు. మోకాళ్లు వంచి పాదాలను వెనక్కి తోశాడు. నడుమును కొంచెం తిప్పాడు. ఉత్తరీయం అంచును గాలికి వదిలాడు. అంతే, ఆ మనిషి నేల మీద లేడని మనకు తెలిసిపోతుంది. నా లెక్కలో ఇంతకన్నా గొప్ప డ్రాయింగ్ పాఠం లేదు.

ఆటల్లో దూతలు ఇలా ఎందుకు ఎగరరని నాకు బాధ. రెక్కలు ఆడుతుంటాయి, ఒళ్లు మాత్రం నేల మీద నిలబడ్డట్టే నిటారుగా ఉంటుంది. దానికి కారణం లేకపోలేదు. చాలా ఆటల్లో మీకు కనిపించేది పాత్ర వీపు. చిన్న తెర మీద, గుంపులో, ఎవరు ఎవరో ఆకారాన్ని బట్టే గుర్తుపట్టాలి. పెద్ద రెక్కలు ఆ పని సులువు చేస్తాయి. పైగా రెక్కలు అమ్ముడుపోతాయి, మీ అమ్మను డబ్బులడిగి కొన్నారుగా!

అయినా ఆలోచించి గీసినవీ ఉన్నాయి. 2009లో వచ్చిన బయోనెట్టా అనే ఆటలో దూతలే శత్రువులు. పైకి పాలరాయి, బంగారం; పగిలితే లోపల పచ్చి మాంసం. ఓవర్‌వాచ్ ఆటలో మెర్సీ అసలు దూతే కాదు, రెక్కల సూట్ వేసుకున్న డాక్టరమ్మ. నాకు నచ్చింది డయాబ్లో ఆటలోని టైరియల్ అనే దూత. ముసుగు లోపల ముఖం కనిపించదు, రెక్కలు వెలుగు పోగులు. యెషయా చూసిన సెరాపులు రెండు రెక్కలతో తమ ముఖాలు కప్పుకున్నారు. టైరియల్‌ను గీసిన చిత్రకారుడికి అది గుర్తుందో లేదో గానీ, చూపకుండా వదిలేయడంలోని బలం తెలుసు.

ఇంకో లోటుంది. పాత బొమ్మల్లో గబ్రియేలు చేయెత్తి ఏదో చెబుతుంటాడు. ఎదుట మరియ ముఖంలో బెదురు. “భయపడకుము” అంటాడు. అంటే ఆ రాక భయపెట్టేదే. కత్తి, డ్రాగన్‌తో యుద్ధం పాత చిత్రాల్లోనూ ఉన్నాయి, మిఖాయేలు దూతను చూడండి. కానీ మీ ఆటల్లో చాలావాటిలో దూత కొట్టడానికో, గాయం మాన్పడానికో వస్తాడు. కబురు తెచ్చేవాడు అరుదు.

దసరా సెలవుల్లో రండి, అలంపురం తీసుకెళ్తాను. స్కెచ్ బుక్కులు తెచ్చుకోండి. ఈలోగా ఒక దూతను గీసి పంపండి: రెక్కలు ఉండొద్దు, ఎగురుతున్నట్టు తెలియాలి. మోకాళ్లతో మొదలుపెట్టండి.

మీ తాత