కంకర మడి ఎంత ఉండాలి? ఎండ ఊళ్లకు చేరిన ఐరోపా కొలత

జల్ జీవన్ మిషన్ లెక్కలో పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్లు అందాలి. ఇంజినీర్లు వాడే మామూలు అంచనా ప్రకారం అందులో 80 శాతం, అంటే 44 లీటర్లు, వాడుక తర్వాత మోరీలో పడతాయి. ఆ నీటిని కంకర మడిలోంచి మెల్లగా పారించి, జమ్ము, మెట్టతామర లాంటి మొక్కల వేళ్ల మధ్య శుభ్రపడనిచ్చి, తోటకు వాడుకోవచ్చు. నిర్మిత చిత్తడి నేల అంటే ఇదే. ఐరోపాలో స్థిరపడ్డ కొలత ప్రకారం నీరు అడ్డంగా పారే మడి మనిషికి 5 చదరపు మీటర్లు ఉండాలి. నడివేసవిలో, వడగాలిలో, దట్టంగా పెరిగిన జమ్ము రోజుకు 10 మిల్లీమీటర్ల నీటిని ఆవిరి చేయడం వింతేమీ కాదు. చదరపు మీటరు మీద మిల్లీమీటరు అంటే ఒక లీటరు. అయిదు పదులు యాభై. మోరీలోంచి వచ్చిందే 44. ఇక తోటకేం మిగులుతుంది?

ఈ కొలత పుట్టింది చల్లటి దేశాల్లో. 1950ల మొదట్లో జర్మనీలోని ప్లోన్‌లో, మాక్స్ ప్లాంక్ సంస్థలో కేటే జైడెల్ అనే వృక్షశాస్త్రవేత్త నీటి రెల్లుతో మురుగునీటిని శుభ్రం చేయొచ్చా అని ప్రయోగాలు మొదలుపెట్టారు. మొక్కలు మురుగులో చచ్చిపోతాయని నమ్మే రోజులవి. తర్వాత రైన్‌హోల్డ్ కికూట్ కంకరకు బదులు మట్టి మడి మేలన్నారు. 1974లో ఓట్‌ఫ్రెజెన్‌లో ఆ పద్ధతిలో పెద్ద మడి నడవడం మొదలైంది. వేళ్లు దిగేకొద్దీ మట్టి గుల్లబారి నీటికి దారి ఇస్తుందన్నది ఆయన ఆశ. మట్టి గుల్లబారలేదు, నీరు పైపైనే పారింది. 1985లో జర్మనీ మడులను చూసొచ్చిన బ్రిటిష్ ఇంజినీర్లు మట్టిని వదిలి కంకరకు మారారు. పల్లెలకు మనిషికి 5 చదరపు మీటర్ల అడ్డపారుదల మడి అలా ఖాయమైంది.

అక్కడ ఆవిరి నష్టాన్ని ఎవరూ పట్టించుకోలేదంటే తప్పు పట్టలేం. వాన పడుతూనే ఉంటుంది, బయటికొచ్చిన నీరు ఏటిలో కలుస్తుంది. ఏరు పాడు కాకపోతే చాలు. ఎండ ప్రాంతంలో సంగతి వేరు, అక్కడ కావలసింది నీళ్లే. పైగా ఆవిరయ్యేది నీరొక్కటే, ఉప్పు మడిలోనే ఉండిపోతుంది. సగం నీరు ఎగిరిపోతే మిగిలిన సగంలో ఉప్పు రెట్టింపు. బోరునీళ్లే ఉప్పగా ఉండే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. పరీక్ష కాగితాల్లో ఇంకో తిరకాసుంది. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని కొలిస్తే, ఆవిరి వల్ల చిక్కబడ్డ నీరు అంతగా శుభ్రపడనట్టే కనిపిస్తుంది. లోపలికి ఎంత వెళ్లింది, బయటికి ఎంత వచ్చింది అని నీటి పరిమాణం కూడా కొలవకుండా ఏ మడినీ మెచ్చుకోకూడదు, తిట్టకూడదు.

విచిత్రమేమిటంటే, ఎండ ఊళ్లకు నప్పే పద్ధతి జైడెల్ ప్రయోగాల్లోనే ఉంది. ఆవిడ కొన్ని మడుల్లో నీటిని పైనుంచి కిందికి దించేవారు. ఆ దారి చాలాకాలం మరుగునపడి, 1980ల చివర్లో మళ్లీ పైకొచ్చింది. విడతలు విడతలుగా మడి మీద నీరు పోస్తే, అది దిగుతూ వెనకాలే గాలిని లోపలికి లాగుతుంది. ప్రాణవాయువు దండిగా అందడంతో సూక్ష్మజీవులు త్వరగా పని ముగిస్తాయి, అమ్మోనియా నైట్రేట్‌గా మారుతుంది. కాబట్టి మనిషికి ఒకటి రెండు చదరపు మీటర్లు చాలు. రెండే అనుకుంటే, పై లెక్కలో 20 లీటర్లు పోయి 24 మిగులుతాయి.

దీన్ని ఇంకా కుదించింది ఎడారివాళ్లే. ఇజ్రాయెల్‌లో, ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వాన పడే నెగెవ్ ఎడారిలో, బెన్ గురియన్ విశ్వవిద్యాలయానికి చెందిన అమిత్ గ్రాస్ బృందం స్నానాలు, బట్టలుతుకుల నీటిని చిన్న మడిలో మళ్లీ మళ్లీ తిప్పి శుభ్రం చేసే ఏర్పాటును 2007లో ప్రచురించింది. మడి పెంచే బదులు అదే మడిలోకి నీటిని పలుమార్లు పంపడమన్నమాట. ఆ ఎండలో ఇంతకంటే తెలివైన పని నాకు కనిపించలేదు.

అరిజోనాలోని ఫీనిక్స్ మాత్రం వేరే దారిన వెళ్లింది. ట్రెస్ రియోస్‌లో నగరం శుద్ధి చేసిన నీటినే పెద్ద చిత్తడిలోకి వదులుతారు. అక్కడ పరిశోధకులు గమనించింది తమాషాగా ఉంటుంది: జమ్ము, రెల్లు ఆకుల్లోంచి నీటిని వదిలేకొద్దీ, ఆ లోటు పూడ్చడానికి పక్కనున్న మడుగులోంచి కొత్త నీరు మొక్కల మధ్యకు లాక్కొస్తుంది. నీటి నష్టం నష్టమే, కానీ దానివల్ల ఇంకాస్త నీరు మొక్కలను తాకి శుభ్రపడుతుంది. ఆవిరయ్యే నీటిని వదులుకోగలిగిన చోట ఇది బాగానే ఉంటుంది.

మన దగ్గర రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఊరి మురుగును నిర్మిత చిత్తడిలో శుద్ధిచేసి సాగుకు మళ్లించే పని చేశారు. 2020లో మొదలైన స్వచ్ఛభారత్ గ్రామీణ్ రెండో దశ వాడిన నీటిని కూడా లెక్కలోకి తెచ్చింది. ఊళ్లలో ఎక్కువగా కనిపించేది మాత్రం ఇంకుడు గుంతే. తవ్వడం తేలిక, నీరు భూమిలోకి పోతుంది, మళ్లీ తోటకు పెట్టుకునే వీలు మాత్రం ఉండదు.

నీరు పైనుంచి కిందికి దిగే నిలువు మడికీ దాని ఖర్చు దానికుంది. విడతలుగా పోయాలంటే వాలు ఉండి సైఫన్ పెట్టుకోవాలి, లేదంటే కరెంటు మోటారు కావాలి. ముందు తొట్టిలో జిడ్డు, మడ్డి తేరుకోకపోతే మడిలోని ఇసుక పూడుకుపోతుంది. అందుకే రెండు మడులు కట్టి, వంతులవారీగా ఒకదాన్ని ఆరబెడతారు. ఊళ్లో ఆ వంతు ఎవరు మారుస్తారన్నది అంచనా పత్రంలో రాయాల్సిన మొదటి పద్దు.